బేసి నిమిషాల బొమ్మలాట

రెండు కంపెనీలు ఒకే రకం సరుకును రెండు పేర్లతో తెచ్చి బజార్లో జుట్టూ జుట్టూ పట్టుకుంటుంటే బుద్ధున్నవాడు ఏం చేస్తాడు? కొన్నాళ్ళు ఊరుకుంటాడు. ఎవడు మిగిలితే వాడి దగ్గర కొనుక్కుంటాడు. వీధి చివర వీడియో షాపు నడుపుకునేవాడికి కూడా ఈ మాత్రం తెలుసు. తెలియనిదల్లా రాష్ట్ర జానపద కళల దృశ్య భాండాగారానికే. ఊరుకోవడం చేతకాక కాదు, పాతికేళ్ళుగా ఆ ఆఫీసు చేసిన పని అదే. కానీ ఆ ఏడాది మార్చి నెలాఖరులోగా సమస్త భాండాగారాలూ ఆధునికమైపోవాలని సచివాలయం నుంచి ఉత్తర్వు వచ్చి పడింది.

అప్పుడే ఇళ్ళలో సినిమాలు చూసుకునే డిస్కుల్లో కొత్త రకాలు రెండు దిగాయి. ఒకటి కిరణ డిస్కు, రెండోది స్ఫటిక డిస్కు. రెండూ అప్పడమంత ఉంటాయి, అద్దంలా మెరుస్తాయి, బొమ్మ రెండిట్లోనూ ఒకే తీరుగా తళతళలాడుతుంది. తేడా ఎక్కడంటే, కిరణ డిస్కును స్ఫటిక ప్లేయర్లో పెడితే అది నోరు విప్పదు. స్ఫటిక డిస్కును కిరణ ప్లేయర్లో పెడితే ఇది బయటికి నెట్టేస్తుంది. జనం ఇళ్ళలో ఎవరి పెట్టె ఉండాలన్న దాని మీద ఆ రెండు కంపెనీలూ దేశదేశాల్లో కొట్టుకుంటున్నాయి.

భాండాగారంలో టేపుల గదికి బాధ్యుడు పేరి కామేశం. ఆ గదిలో నాలుగు వేల నూట పన్నెండు వీడియో కాసెట్లున్నాయి. వానలు మొదలయ్యే ముందు ఒక్కొక్కటీ తీసి, మిషన్లో చివరిదాకా జోరుగా తిప్పి, మళ్ళీ మొదటికి తిప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టడం అతని పని. అలా చేయకపోతే టేపుకు బూజు పడుతుంది. ఇరవై ఆరేళ్ళలో ఒక్క కాసెట్టుకూ బూజు పట్టనివ్వలేదు. అందుకు అతనికి ఒక్క మెప్పూ రాలేదు. మెమో మాత్రం ఒకటి వచ్చింది.

ఆ మెమో కథ కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో కామేశం కెమెరా పట్టుకుని అనంతపురం జిల్లాలో ఓ పల్లెకు వెళ్ళాడు. అక్కడ నాగోజీరావు అనే పెద్దాయన తోలుబొమ్మలాట ఆడుతున్నాడు. తక్కిన ఆటలకు ఇంటిల్లిపాదీ తెర వెనక నిలబడతారు గానీ ఒక ఆట మాత్రం ఆయన ఒక్కడే ఆడతాడు. పన్నెండు బొమ్మలు, రెండు చేతులు. కామేశం తెర ముందు కాసేపు కూర్చుని, ఉండబట్టలేక కెమెరా ఎత్తుకుని వెనక్కి పోయాడు. మూడు గంటల ఆట, మూడు కాసెట్లూ వెనక నుంచే తీశాడు. “ప్రేక్షకులు ఆసీనులు కాని దిక్కు నుండి చిత్రీకరించి ప్రభుత్వ టేపును దుర్వినియోగపరచినందులకు” సంజాయిషీ ఇమ్మన్నారు. ఇచ్చుకున్నాడు. అప్పట్నుంచి అతను ఆఫీసులో ఉండబట్టలేకపోవడం అనేది మానేశాడు.

ఆ జనవరిలో నాగోజీరావు కూతురు తిప్పక్క భాండాగారానికి వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, చేతిలో గుడ్డసంచి. తండ్రి పోయి ఏడాదైందట.

“మా నాయన ఆట ఈ ఆపీసులో ఉండాదంట గదా సార్,” అంది. “తక్కిన ఆటలన్నీ నాకొచ్చు. ఆయనొక్కడే ఆడే ఆటే రాదు. నేర్పుతా నేర్పుతా అంటానే పాయ. చేతులెట్ల తిప్పినాడో సూస్తే సాలు, పట్టుకుంటా. మా కోడండ్లిద్దరికీ నేర్పల్ల. లేకుంటే ఆ ఆట ఆయన్తోనే పాయ.”

కామేశానికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళలో ఆ కాసెట్లు కావాలని అడిగిన మొదటి మనిషి! చటుక్కున లేచి బీరువా తాళం తీశాడు కూడా. అంతలో డైరెక్టర్ కులశేఖర్ గారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

“కామేశం గారూ, మన సంస్థ పరివర్తన దశలో ఉంది. ఈ దశలో పాత మాధ్యమం ద్వారా ప్రదర్శన ఇవ్వడం సముచితం కాదు. అమ్మా, మీరు ఏప్రిల్లో రండి. ప్రపంచ స్థాయిలో చూపిస్తాం.”

“ప్రపంచమెందుకు సార్, నేనొక్కదాన్నే సూస్తా,” అంది తిప్పక్క.

డైరెక్టర్ గారు నవ్వారు. పెద్ద ఉద్యోగులు నవ్వితే ఇక ఆ విషయం అయిపోయినట్టే. కామేశం బీరువా తాళం మళ్ళీ వేశాడు. ఆ పూట ఆ తాళం వేసినందుకు అతను తర్వాత తనను తాను తిట్టుకోని రోజు లేదు.

ఫిబ్రవరిలో రెండు కంపెనీల ప్రతినిధులూ ఒకే రోజు దిగారు. కిరణవారు డైరెక్టర్ గారికి శాలువా కప్పారు. స్ఫటికవారు దాని మీద ఇంకో శాలువా కప్పారు. పైన ఎవరి శాలువా ఉండాలన్న చిక్కు వచ్చి, సాయంత్రం దాకా ఆయన అరగంటకోసారి పైది కిందికీ కిందది పైకీ మార్చుకుంటూ కూర్చున్నారు. ఆ మార్చుకోవడంలోనే ఆయనకు ఒక మహత్తర ఆలోచన తట్టింది. దానికి “సాంకేతిక సమదృష్టి విధానం” అని పేరు పెట్టి, ఏడుగురితో కమిటీ వేశారు.

“ప్రభుత్వం ఏ ఫార్మాటుకూ చుట్టం కాదు, ఏ ఫార్మాటుకూ శత్రువు కాదు,” అని ఆయన కమిటీ ముందు ప్రసంగించారు. “ఒకదాన్ని ఎంచుకోవడమంటే రెండోదాన్ని అవమానించడం. రేపు ఎవరైనా కోర్టుకెళితే? అసెంబ్లీలో ప్రశ్న వేస్తే? కావున మన సంపదను ఇద్దరికీ సమంగా పంచడమే శ్రేయస్కరం.”

మొదట కాసెట్లను చెరి సగం పంచారు. స్ఫటికవారు గోల పెట్టారు. వాళ్ళకు వీరంగాలూ డప్పులూ వెళ్ళాయి, మాకు ప్రారంభోత్సవ ఉపన్యాసాలు అంటగట్టారు అని. అది న్యాయమైన మాటే. అయితే ప్రతి కార్యక్రమాన్నీ సగానికి కోసి మొదటి సగం ఒకరికీ రెండో సగం ఒకరికీ ఇద్దామన్నారు. ఈసారి కిరణవారు మొహం మాడ్చుకున్నారు. ఏ ఆటైనా రక్తి కట్టేది రెండో సగంలోనేనట. అదీ న్యాయమైన మాటే. పదకొండో సమావేశంలో, మిరపకాయ బజ్జీలు అయిపోయి కాఫీలు రాకముందు, కమిటీకి దారి దొరికింది. ప్రతి కార్యక్రమాన్నీ నిమిషాలుగా విడగొట్టాలి. బేసి నిమిషాలు కిరణ డిస్కులోకి, సరి నిమిషాలు స్ఫటిక డిస్కులోకి.

కామేశం గోడ పక్క కుర్చీలోంచి చెయ్యెత్తాడు. “సార్, మరి చూసేవాళ్ళు ఎలా చూస్తారండీ?”

“చూడటమన్నది ప్రేక్షకుడి పరిధిలోని అంశం,” అన్నారు డైరెక్టర్ గారు. “భద్రపరచడం వరకే మన పరిధి.”

ఒకటో నిమిషం కిరణకు దక్కింది గనక, చివరి నిమిషాన్ని పరిహారంగా స్ఫటికకు కేటాయిస్తూ తీర్మానం రాసుకున్నారు. అన్ని కాసెట్లూ సరిగ్గా అరవై నిమిషాలవే, చివరి నిమిషం ఎలాగూ దానిదే. అయినా స్ఫటిక ప్రతినిధి లేచి నిలబడి దణ్ణం పెట్టాడు.

మార్చి ఇరవై నాటికి డిస్కులు తయారయ్యాయి. నాలుగు రోజుల తర్వాత ఇంకో ఉత్తర్వు వచ్చింది. కాసెట్లు అలాగే ఉంటే వాటిలో ఆట మొత్తం ఒకేచోట దొరుకుతుంది. అంటే అది మూడో ఫార్మాటు. రెండు సగం ఫార్మాటులకు ఒక మొత్తం ఫార్మాటు పోటీ రావడం సమదృష్టికి భంగం. “కావున సదరు కాసెట్లను కమిటీ సమక్షంలో, పంచనామా జరిపి, పునర్వినియోగమునకు వీలు కాకుండా నిర్మూలించవలెను” అన్నారు. సంతకం చేయవలసిన వాడు టేపుల గది బాధ్యుడు.

ఆ పంచనామా నాటి పొద్దున కామేశం నాగోజీరావు కాసెట్లు మూడూ తీసి టిఫిన్ సంచిలో అన్నం డబ్బా కింద పెట్టుకున్నాడు. గేటు దాకా వెళ్ళాడు. వాచ్‌మన్ “ఏంటి సార్, అప్పుడే ఇంటికా?” అని మామూలుగానే అడిగాడు, పాపం. కామేశానికి చెమటలు పోశాయి. నాలుగు వేల నూట పన్నెండని పంచనామాలో టైపు చేసి ఉంది. మూడు తగ్గితే? రిటైరుమెంటుకు రెండేళ్ళుంది. శాఖాపరమైన విచారణంటే మాటలా? “మందులు మర్చిపోయానయ్యా,” అని వెనక్కి తిరిగాడు. మూడు కాసెట్లూ కుప్పలో తన చేత్తోనే వేసి, సంతకం కూడా పెట్టాడు. పిరికితనానికి అతను ఆ క్షణాన పెట్టుకున్న పేరు క్రమశిక్షణ.

కాసెట్లు పగలగొట్టి లోపల్నుంచి లాగిన టేపంతా చిక్కుపడి గుట్టలా మిగిలితే, తోటమాలి దాన్ని పట్టుకుపోయి ఆఫీసు ఆవరణలో జామచెట్లకు చుట్టాడు. పొలాల్లో కట్టుకుంటారే, చిలకలు వాలకుండా, అలా. గాలి వీస్తే గుయ్యిమంటూ మోగేది. ఆ ఏడు కాయలు బాగా దక్కాయి. ఆధునికీకరణ వల్ల ఒనగూడిన ప్రత్యక్ష లాభం అదొక్కటే.

ఏప్రిల్లో తిప్పక్క వచ్చింది. వరండాకు తూర్పు చివర కిరణ దర్శనశాల, పడమటి చివర స్ఫటిక దర్శనశాల. పోటీ కంపెనీ పెట్టె ఉన్న గదిలో తమ పెట్టె ఉండరాదని ఇద్దరూ ఒప్పందంలో రాయించుకున్నారు. ఎయిర్ కండిషనర్లు, మెత్తటి కుర్చీలు. ఒక్కో గది గుమ్మం దగ్గర ఒక్కో రిజిస్టరు.

తిప్పక్క తూర్పు గదిలో కూర్చుంది. తెర మీద తండ్రి వీపు కనిపించింది. పాతికేళ్ళ కిందటి వీపు, చెమటతో నిగనిగలాడుతూ. “నాయనా!” అని పెద్దగా అరిచింది. కళ్ళు తుడుచుకునేలోగా నిమిషం అయిపోయింది. తెర నల్లబడింది.

“తరువాయి నిమిషానికి పడమటి గదికి వెళ్ళాలమ్మా,” అన్నాడు కామేశం. “ముందు ఇక్కడ బయటికి వెళుతున్నట్టు సంతకం పెట్టు.”

ఆమె పెట్టింది. వరండా పొడవునా కుంటుకుంటూ పరుగెత్తింది. అక్కడ లోపలికి వస్తున్నట్టు సంతకం పెట్టి, ఒక నిమిషం చూసి, బయటికి వెళుతున్నట్టు సంతకం పెట్టి, మళ్ళీ తూర్పుకు పరుగెత్తింది. పన్నెండో నిమిషం దగ్గర ఆమె గోడ పట్టుకుని కూలబడింది.

డైరెక్టర్ గారు ఆ దారినే వస్తున్నారు. “భేష్! చూశారా, ప్రేక్షకుణ్ణి కుర్చీకి కట్టిపడేయకుండా చైతన్యవంతం చేస్తున్నాం. మోకాళ్ళకు కూడా మంచిది,” అన్నారు.

“మోకాళ్ళు మావి గదా సార్,” అంది తిప్పక్క ఆయాసపడుతూ. తర్వాత కామేశం వైపు తిరిగింది. “సార్, ముక్కలు ముక్కలైతే నాకు చేత గాదు. మొత్తం ఆట ఉన్న పాత కాసెట్టు యాడుంది? దాంట్లో సూపియ్యి.”

బయట జామచెట్ల మీద గాలికి టేపు గుయ్యిమంటోంది. కామేశం అటు చూడలేకపోయాడు. “అది ఇప్పుడు లేదమ్మా,” అన్నాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

తిప్పక్క మొండిది. పరుగులు మానేసింది. ముందు తూర్పు గదిలో బేసి నిమిషాలన్నీ చూసి పట్టుకుని, ఆ తర్వాత పడమటి గదిలో కూర్చుని సరి నిమిషాలు పట్టుకుందామని లెక్క వేసుకుంది. ఊళ్ళో చుట్టాలింట దిగి, నెల రోజులు ఆఫీసు తెరిచే వేళకు వచ్చి, మూసే వేళకు వెళ్ళింది. తొంభై నిమిషాలు. గాల్లో చేతులు తిప్పుతూ, పెదాలు కదుపుతూ, ఒక్కో నిమిషం ఇరవై సార్లు చూసింది. కామేశం గుమ్మంలో నిలబడి చూసేవాడు. తండ్రి చేతులు రోజురోజుకూ ఆమె చేతుల్లోకి దిగుతున్నాయి.

మే రెండో వారంలో పేపర్లో వార్త పడింది. స్ఫటిక కంపెనీ యుద్ధం విరమించుకుంది. డిస్కులూ ప్లేయర్లూ ఇక తయారు చేయదట. ప్రపంచమంతా కిరణదే గెలుపట. ఆ వార్త వచ్చిన మూడో రోజున పడమటి గది ప్లేయరు కూడా కన్నుమూసింది. బాగు చేయించడానికి కంపెనీ నంబరుకు కామేశం ఫోన్ చేస్తే అటువైపు ఎత్తినవాడు తమది ఇప్పుడు ఫ్రిజ్‌ల దుకాణమని చెప్పాడు.

మామూలు మనిషైతే తలపట్టుకునేవాడు. కులశేఖర్ గారు మామూలు మనిషా? గంటలో సర్క్యులర్ రాయించారు. “ఒక ఫార్మాటు పనిచేయని స్థితిలో రెండవ ఫార్మాటును పనిచేయనిచ్చుట పక్షపాతము కాగలదు. ఓడిన పక్షమునకు అన్యాయము జరుగకుండునట్లు, తదుపరి ఉత్తర్వుల వరకు రెండు దర్శనశాలలును మూసివేయడమైనది.”

“సార్, ఆ సరి నిమిషాలు ఇంకెక్కడా లేవు,” అన్నాడు కామేశం. అంత గట్టిగా అతను ఆ గదిలో ఎన్నడూ మాట్లాడలేదు. “ఆమె సగం ఆటతో మిగిలిపోతుంది.”

“సగం కాదు, కామేశం గారూ. యాభై శాతం. జాతీయ సగటు కంటే ఎక్కువ.”

ఆయనకు అంతటితో తృప్తి కలగలేదు. ఆగస్టులో రాష్ట్ర కళోత్సవాలు. ఆధునికీకరణ ఫలితం ఒకటి అమాత్యులకు చూపించాలి. తిప్పక్కకు కబురు వెళ్ళింది. ఆటను కోడళ్ళకే కాదు, రాష్ట్రమంతటా నేర్పే గురువుగా ప్రభుత్వం గుర్తిస్తుందని. ఆమె సంబరంగా బొమ్మల పెట్టె మోసుకొచ్చింది.

“మధ్యలో తెలీని నిమిషాలు నాకు తోసినట్ల ఆడిస్తా సార్,” అంది. “మా నాయన గూడా అట్ల ఆడిస్తానే నేర్చుకున్నాడు.”

డైరెక్టర్ గారు చెయ్యి అడ్డం పెట్టారు. “వీల్లేదమ్మా. రికార్డులో ఉన్నదే ప్రామాణికం. లేనిది ఆడితే కల్పన. కల్పనకు ప్రభుత్వం పూచీ పడదు.”

“మరి ఆ నిమిషాల్లో నేనేం జెయ్యల్ల?”

“ఏమీ చేయవద్దు. దీపం ఆర్పిస్తాం.”

దీపం స్విచ్చి దగ్గర, చేతిలో గడియారంతో, కామేశాన్ని కూర్చోబెట్టారు.

ఉత్సవం నాటి సాయంత్రం హాలు నిండింది. తెర వెలిగింది. బొమ్మలు లేచాయి. తిప్పక్క గొంతెత్తి పద్యం అందుకుంది. హాలంతా సర్దుకుని కూర్చునే వేళకు నిమిషం అయిపోయింది, కామేశం స్విచ్చి నొక్కాడు. చీకటి. పద్యం సగంలో తెగింది. కరెంటు పోయిందనుకుని జనం ఈలలు వేశారు. నిమిషం తర్వాత దీపం వెలిగితే చప్పట్లు కొట్టారు. మళ్ళీ చీకటి. ఇలా పదిసార్లయ్యాక వెనక వరసలు లేచిపోయాయి. ముందు వరసలు మాత్రం కదల్లేదు. అక్కడంతా ఆహ్వానితులే.

నూట ముప్పై ఒకటో నిమిషంలో తిప్పక్క చేతుల్లో ఆరు బొమ్మలున్నాయి. దీపం ఆరింది. నూట ముప్పై మూడో నిమిషం రికార్డు ప్రకారం తెర మీద పన్నెండు బొమ్మలు ఆడాలి. డిస్కులో ఆ నిమిషం మొదలయ్యేసరికే పన్నెండూ నాగోజీరావు ఒంట్లోవేనన్నట్టు గంతులేస్తుంటాయి. ఏ బొమ్మ పుల్ల వేళ్ళకుందో, ఏది మోచేతికుందో, ఏది ఎక్కడ దోపుకున్నాడో అంతా ఆయన వీపు చాటున పడిపోయింది. కామేశం దీపం వేశాడు. తెర మీద ఆరు బొమ్మలే ఉన్నాయి. తక్కిన ఆరూ ఆమె కాళ్ళ దగ్గర నేల మీద పడి ఉన్నాయి. ఆమె ఆడించడం మానేయలేదు గానీ, పద్యంలో ఏడుపు వినిపిస్తోంది.

ఆట అయ్యాక ముందు వరసలు నిలబడి చప్పట్లు కొట్టాయి. ఆ చీకట్లో తనకు విశ్వరహస్యం గోచరించిందని ఒక విమర్శకుడు చెప్పాడు. ఈ ఆటను ఇదే రూపంలో, చీకట్లతో సహా, జిల్లాకొక కేంద్రంలో పిల్లలకు నేర్పిస్తామని అమాత్యులు ప్రకటించారు. తిప్పక్కకు ధ్రువపత్రం చేతిలో పెట్టారు.

ఆమె దాన్ని బొమ్మల పెట్టె మీద పడేసి, తెర వెనక వైర్లు చుట్టుకుంటున్న కామేశం దగ్గరికి వచ్చింది. డైరెక్టర్ గారు పక్కనే నిలబడి అభినందనలు అందుకుంటున్నారు.

“సార్, ఆ పొద్దు తెరెనక కెమెరా పట్టుకోని ఉండింది నువ్వే గదా. ఆరు బొమ్మలుండె. నిమిషం తిరిగేతలికి పన్నెండాయ. ఆ ఒక్క నిమిషంలో మా నాయన ఏం జేసినాడు? యాడ పెట్టుకున్నాడు తక్కిన ఆరు? అదొక్కటి చెప్పు సార్. మిగిలిందంతా నేను కట్టుకుంటా.”

కామేశం కళ్ళు మూసుకున్నాడు. పల్లె గుర్తొచ్చింది. ఆముదం దీపం వాసన గుర్తొచ్చింది. కాసెట్టు మీద తన దస్తూరీతో రాసిన నంబరు అంకెతో సహా గుర్తొచ్చింది. చేతులు మాత్రం గుర్తు రాలేదు. ఎంత పెనుగులాడినా రాలేదు. కాసెట్లో భద్రంగా ఉంది కదా అని, దాన్ని మనసులో దాచుకోవాలని ఇన్నేళ్ళలో ఒక్కనాడూ అతనికి తోచలేదు.

“తెలీదమ్మా,” అన్నాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు. “చూశాను. గుర్తు లేదు. నన్ను చెప్పుచ్చుకు కొట్టినా తప్పు లేదు.”

తిప్పక్క కోప్పడలేదు. వంగి, ఆడించిన ఆరు బొమ్మలను పెట్టెలో సర్దుకుంది. నేల మీద పడి ఉన్న ఆరింటినీ ఏరి, దుమ్ము దులిపి, అతని చేతుల్లో పెట్టింది.

“ఇవి నేనేం జేసుకుందు సార్. ఈటిని లేపే నిమిషం మీ ఆపీసే తినేసె. మీ దగ్గరే పెట్టుకోండి.”

పెట్టె భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ధ్రువపత్రం కింద పడింది, తీసుకోలేదు. ఆరు బొమ్మలనూ గుండెలకు హత్తుకుని నిలబడ్డ కామేశం దగ్గరికి డైరెక్టర్ గారు వచ్చి కళ్ళజోడు సవరించుకుని చూశారు.

“విరాళమా? శభాష్! ప్రజల స్పందన అంటే ఇదీ. రేపు పొద్దున్నే వీటిని ప్రదర్శనకు పెట్టించండి. అన్నట్టు, పంపకం సంగతి మర్చిపోకండి, మళ్ళీ మాట వస్తుంది. తూర్పు గదిలో మూడు, పడమటి గదిలో మూడు.”

“అలాగే సార్,” అన్నాడు కామేశం.